గుళుచి కషాయం

ఆరు కాకుండానే ఎదురింటి మౌసీ గిన్నెతో వచ్చింది. గుళుచి కషాయం. అంటే మన తిప్పతీగే, పర్లాకిమిడిలో ప్రతి మొక్కకీ రెండు పేర్లు. తాగితే లివర్ కాన్సర్‌తో ఉన్న మావయ్యకి ఇమ్యూనిటీ పెరుగుతుందని ఒడియాలో నాలుగుసార్లు చెప్పింది. డాక్టరుని అడక్కుండా ఏదీ ఇవ్వకూడదని ఆవిడతో అనలేక గిన్నె తీసుకున్నాను. వెళ్లాక తులసికోట పక్కన పారబోశాను. ఆ తులసికి ఏ రోగమూ రాదిక.

మావయ్య చూడనే చూశాడు. "ఏటమ్మా, జొరమంటే ఎరగను నేను. మరి నా ఒంట్లో రోగంతో కొట్లాడే ఆ కణాలు ఇన్నాళ్లూ ఏటి చేస్తన్నాయి?"

ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పేదాన్ని, అయినా చప్పున మాట రాలేదు.

"వెనక రైస్ మిల్లు ఆడుతోంది, వినిపిస్తోందా?" అన్నాను.

"ఏ మిల్లు?" అని, ఒక్క క్షణం చెవి పెట్టి, నవ్వేశాడు.

పోలిక పూర్తిగా కుదరదు. టి కణాలకి, అంటే ఆ కొట్లాడే తెల్ల రక్తకణాలకి, వినపడుతూనే ఉంటుంది, లేచే ఓపికే ఉండదు. మావయ్య లివర్‌లో హెపటైటిస్ బి వైరస్ ఏళ్ల తరబడి ఉంది. మొదట్లో టి కణాలు దాన్ని గట్టిగానే కొట్టి ఉంటాయి. రోజూ అదే గోలైతే వాటి మీద పీడీ-1 అనే, నొక్కితే కణాన్ని ఆపేసే మీటలు ఎక్కువైపోతాయి. కణితి పీడీ-ఎల్1 అనే వేలితో ఆ మీట నొక్కి పెడుతుంది. చుట్టూ చేరిన మాక్రోఫేజ్‌లూ (చెత్తని మింగే రక్షణ కణాలు) అదే పని చేస్తాయి, రెగ్యులేటరీ టి కణాలు "ఊరుకోండి" అంటాయి. ఇక పోరుకి పిలిచే ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం తగ్గిపోతుంది, దెబ్బ పడదు. లివర్‌ది అసలే సర్దుకుపోయే గుణం. దానికొచ్చే రక్తంలో ముప్పాతిక వంతు పేగుల మీదుగా వస్తుంది, తిన్న ప్రతిదానితో తగువు పెట్టుకుంటే ఎలా?

ఆ మీటని 1992లో జపాన్‌లో హోంజో బృందం కనిపెట్టింది, 2018లో ఆయనకి నోబెల్ వచ్చింది అన్నాను. "తొంభై రెండా, మా పెళ్లయిన ఏడు" అన్నాడు మావయ్య.

మూడు వారాలకోసారి విశాఖ వెళ్లి వేయించుకునే ఇంజక్షన్ ఆ వేలిని పట్టుకుని ఆపుతుంది. మరీ అలిసిపోయిన కణాలు మీట వదిలినా లేవవు. ఈ చివరి ముక్క మాత్రం చెప్పలేదు.

సాయంత్రం, ఖాళీ గిన్నె ఇవ్వకూడదని రెండు అరిసెలు వేసి ఇచ్చాను. తాగాడా అంది మౌసీ. నేను నీళ్లు నములుతుంటే లోపల్నుంచి మావయ్యే ఒడియాలో, బాగా చేదుగా ఉందన్నాడు.

రేపు తేనె కలిపి తెస్తుందట.