సాగర్ గేట్లలో దాగిన మాట: ఒక బొమ్మ పజిల్ విప్పిన వరస

బొమ్మ ఒక్కటే. పైన నాగార్జునసాగర్ డ్యాం, కింద ఒక బస్సు, బస్సు పక్కన పోచంపల్లి చీర కట్టుకున్నావిడ, ఆమె చేతిలో నాలుగు చక్రాల నంబరు తాళం వేసిన పెట్టె. అడుగున జవాబు రాయడానికి 11 గడులు. సూచన అంటూ ఒక్క ముక్క లేదు. ఇలాంటివి మా నల్లగొండ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. దీన్ని విప్పిన వరసను తప్పటడుగులతో సహా రాస్తున్నాను.

ముందు ఫైలు సంగతి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన బొమ్మతో కుస్తీ పట్టడం దండగ. పంపేటప్పుడే అది బొమ్మను కుదించేస్తుంది. ఫొటోలను కుదించే జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల ముక్కలుగా చేసి సన్న వివరాలను వదిలేస్తుంది కాబట్టి, మూడు నాలుగు పిక్సెళ్లున్న గడి పక్క గడిలోకి కారిపోతుంది. పంపినవాళ్లనే అడిగి డాక్యుమెంటుగా మళ్లీ తెప్పించుకున్నాను. మొదటి కాపీలో చీర అంచంతా బూడిదరంగు చారలా ఉంది, రెండో దానిలో గడులు విడివిడిగా కనబడ్డాయి. తర్వాత ఫోన్ ఎడిటర్‌లో కాంట్రాస్ట్ పూర్తిగా పెంచి ఒకసారి, రంగులు తిప్పేసి ఒకసారి, కుడిఎడమలు తిప్పి ఒకసారి చూశాను. ఆకాశంలో, నీళ్లలో లేత రాత ఏమీ లేదు. నీడలు కూడా వస్తువులకు సరిగ్గానే ఉన్నాయి. గర్భగుడిలో పడే వింత నీడకు పేరుపడ్డ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మా దగ్గరిదే కాబట్టి నీడ మీద అనుమానం మాకు ముందే పుడుతుంది.

ఇక లెక్క. పిట్టలు, బస్సు కిటికీలు, ఆవిడ గాజులు లెక్కపెట్టి కాసేపు వృథా చేశాక గేట్ల దగ్గర ఆగాను. సాగర్‌కు క్రెస్ట్ గేట్లు, అంటే డ్యాం పైన నీళ్లు వదిలే గేట్లు, 26, ఇంగ్లీషు అక్షరాలూ 26. బొమ్మలో ఏడు గేట్లు ఎత్తి ఉన్నాయి: 1, 8, 9, 11, 14, 18, 19. అంటే ఏ, హెచ్, ఐ, కె, ఎన్, ఆర్, ఎస్. కుడి నుంచి లెక్కపెడితే 1 కాస్తా 26 అయి జెడ్, ఎస్, ఆర్, పి, ఎం, ఐ, హెచ్ వస్తాయి, వాటితో మాట కట్టలేం. ఇక్కడొక తిరకాసు ఉంది. ఎడమ కాలువ మన నల్లగొండ వైపుది, కానీ కింది నుంచి డ్యాం వైపు తిరిగి చూస్తే అది మన కుడిచేతి పక్కన పడుతుంది. ఎడమ గట్టు అనే మాట పట్టుకుని మొదలుపెడితే లెక్క తలకిందులవుతుంది. బొమ్మలో కంటికి ఎడమగా కనిపించేదే ఒకటి.

ఏడక్షరాలు చూడగానే కృష్ణా నది తట్టింది. తట్టింది కదాని రాసేయొచ్చు. కానీ వరస ఎక్కడి నుంచి వస్తుందో తేలకపోతే అది ఊహే, పైగా చీర అంచు అక్కడ ఊరికే లేదు.

అంచులో నలుపు, తెలుపు, తెలుపు, నలుపు అంటూ నాలుగు గడుల వరస తిరిగి తిరిగి వస్తోంది. ఒక వరస కత్తిరించి పక్క వరసల మీద పెట్టుకుంటూ పోతే మోకాలి దగ్గర తేడా దొరికింది, అక్కడ 20 గడులు లయ తప్పాయి. పోచంపల్లి నేత అయిన ఇక్కత్‌లో దారానికి ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి రంగు అంచు కాస్త చెదిరినట్టే ఉంటుంది. ఈ 20 గడులు మాత్రం బ్లేడుతో కోసినట్టున్నాయి. నలుపును 1, తెలుపును 0 అనుకుంటే:

00101 10100 10100 10101

నాలుగేసి గడులుగానూ విడగొట్టొచ్చు, అలా చేస్తే బి, ఎం, బి, ఐ, ఈ వచ్చింది, గాలి మాట. అసలు నాలుగు గడులతో 16 రకాలే సాధ్యం, 26 అక్షరాలకు చాలవు. ఐదు గడులైతే 32, సరిపోతుంది. ఐదేసి చదివితే 5, 20, 20, 21. ఏ ని సున్నాగా మొదలుపెడితే ఎఫ్, యూ, యూ, వీ. ఇలా అర్థం లేని మాటలోనూ జంట అక్షరం నిలబడిందంటే ఒక మెట్టు జరిపి చూడాలి. ఏ ని ఒకటి చేస్తే ఈ, టీ, టీ, యూ. ఎత్తు!

గేట్లను ఎత్తు వరసలో పెట్టమని. పెద్దదాని నుంచి చిన్నదానికి చదివితే కె, ఐ, ఆర్, హెచ్, ఎస్, ఎన్, ఏ వచ్చింది. కృష్ణకు పక్కింటి చుట్టంలా ఉంది కానీ కృష్ణ కాదు. తప్పు కొలతలో ఉంది. డ్యాంను ఏటవాలుగా గీశారు, దూరం పోయేకొద్దీ గేటు చిన్నదవుతుంది. 9వ గేటు పూర్తి ఎత్తు 64 పిక్సెళ్లు, తెరిచింది 32. 18వది 46లో 28. పిక్సెళ్లు చూస్తే 9 పెద్దది, కానీ అది సగమే తెరిచారు, 18ని సగం దాటించారు. అలాగే 8వది 66లో 20, 19వది 44లో 18. తెరిచినదాన్ని ఆ గేటు పూర్తి ఎత్తుతో భాగిస్తే 11, 18, 9, 19, 8, 14, 1. కె, ఆర్, ఐ, ఎస్, హెచ్, ఎన్, ఏ. వరస కుదిరింది.

మిగిలింది తాళం. బస్సు పక్కన అంటించిన పోస్టరులో "ధీరశంకరాభరణం 29" అని ఉంది. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన మేళకర్తల్లో అది 29వ రాగం. పేరులోంచి నంబరు తీసే పద్ధతి కటపయాది: క నుంచి తొమ్మిది, ట నుంచి తొమ్మిది, ప నుంచి ఐదు, య నుంచి ఎనిమిది అక్షరాలకు ఒకటి మొదలు అంకెలు, న, ఞ లకు సున్న. ధీ 9, ర 2. వెనక నుంచి రాస్తే 29. పోస్టరు ఈ దారి చూపించడానికే.

బస్సు బోర్డు మీది ఊరికి అదే చేయాలి. నేను చేతి అలవాటుగా నల్గొండ అని రాసుకున్నాను. న 0, ల్గొలో చివరి హల్లు గ 3, ండలో ం గుర్తును వదిలేసి డ 3. తిప్పితే 330. మూడంకెలే, తాళానికి నాలుగు చక్రాలు. బోర్డును పెద్దది చేసి చూస్తే నల్లగొండ అని ఉంది. న 0, ల్ల 3, గొ 3, ండ 3. తిప్పి రాస్తే 3330. జంటాక్షరంలో చివరి హల్లుకే లెక్క, గుణింతానికి విలువ లేదు. ఇది మరిచిపోతే ఏ ఊరి నంబరూ రాదు. చేయి తిరగడానికి పాలమూరు కట్టి చూడండి, 2531 రావాలి. గద్వాలకు 343, ఎటు నుంచి చదివినా ఒకటే, పజిల్ కట్టేవాళ్లకు బంగారం లాంటి పేరు.

చివరి మెలిక జవాబు గడుల్లో. తెలుగులో కృష్ణ అని కొడితే కంటికి రెండక్షరాలే, ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో మాత్రం అవి ఐదు: క, ఋత్వం, ష, పొల్లు, ణ. వాటికి 3330 కలిపినా తొమ్మిదే, రెండు గడులు ఖాళీ. ఇంగ్లీషు అక్షరాల్లో ఏడు, అంకెలు నాలుగు, మధ్యలో ఖాళీ వదలకుండా రాస్తే 11 గడులూ నిండాయి.