పెట్టె విప్పేది ఎవరు?

ఈ రోజు సెలవు. పది రోజులుగా నలుగుతున్న బండి వ్యవహారం తేల్చుకోవాలని ఉదయమే బయలుదేరాను. రెండు షోరూములు, ఒకటి దగ్గర, ఒకటి దూరం. బండి ఒకటే, రంగూ ఒకటే. దూరంగా ఉన్నవాళ్లు తక్కువ ధర చెప్పారు. తేడా చిన్నదేమీ కాదు, మంచి హెల్మెట్, జాకెట్ రెండూ వచ్చేంత. దగ్గరి వాళ్లు మాత్రం ధర దగ్గర ఒక్క మెట్టు కూడా దిగలేదు. రిజిస్ట్రేషన్, బీమా, అదనపు సామాన్లు అన్నీ కలిపి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసినా తేడా కరగలేదు.

పాత బండిని అందరికంటే తక్కువ చెప్పినచోటే కొన్నాను. మొదటి సర్వీసులో అక్కడ ఎవరో ఆయిల్ డ్రెయిన్ బోల్టును, అంటే పాత ఆయిల్ దింపే రంధ్రానికి బిగించే బోల్టును, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించారు. బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజను అడుగుభాగం అల్యూమినియంది. రెండో సర్వీసులో విప్పేసరికి మర పోయింది. ఆ తర్వాత బండి ఎక్కడ నిలిపినా నేలమీద నల్లటి చుక్క. తీసుకెళ్లి చూపిస్తే "మీరే బయట ఎక్కడో విప్పించి ఉంటారు" అన్నారు. ఆయిల్ కారినందుకు కాదు, ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను. చివరకు వేరేచోట ఆ రంధ్రాన్ని పెద్దది చేయించి, లోపల కొత్త మర వేయించుకున్నాను. కొన్నప్పుడు మిగిలిందనుకున్న డబ్బు ఎప్పుడు ఖర్చయిపోయిందో గుర్తు లేదు కానీ, ఆ చుక్క మాత్రం బాగా గుర్తుంది.

అందుకే ఈసారి మెరిసే బండ్ల మధ్య నిలబడకుండా దగ్గరి షోరూము వెనక ఉన్న వర్క్‌షాపుకు వెళ్లి, బల్లమీద గంటసేపు కూర్చున్నాను. ఒక నడివయసు మెకానిక్ ఎవరిదో బండి చైను సరిచేస్తున్నారు. ఒక్కచోట నొక్కి చూసి వదిలేయలేదు. వెనక చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల వదులు కొలిచారు. చైను అంతటా ఒకేలా అరగదు కాబట్టి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట చూసి సరిచేయాలి. మరీ బిగిస్తే ఆ ఒత్తిడి గేర్‌బాక్సు బేరింగు మీద పడుతుంది. ఇరుసు నట్టు బిగించడానికి, ఎంత బిగించాలో ముందే అమర్చుకునే టార్క్ రెంచి తీశారు. అది టక్కుమనగానే ఆపేశారు. ఎవరూ చూడటం లేదనుకుని ఆయన అంత శ్రద్ధగా పనిచేస్తుంటే నాకు ఎంతో నిశ్చింతగా అనిపించింది.

మధ్యాహ్నం దూరపు షోరూముకూ వెళ్లాను. మర్యాదకు లోటు లేదు. వర్క్‌షాపు చూస్తానంటే కొనుగోలుదారులను లోపలికి పంపరన్నారు. ప్రమాదాల భయంతో చాలాచోట్ల ఆ నియమం ఉంటుంది, దాన్ని తప్పు పట్టను. కానీ నా బండిని సిద్ధం చేసేది ఎవరని అడిగితే అమ్మే అబ్బాయికి తెలియలేదు. క్లచ్ కేబులు, బ్రేకు ప్యాడ్లు నిల్వ ఉంటాయా అంటే "తెప్పిస్తామండీ" అన్నాడు. ఎన్నాళ్లలో అన్నదానికి జవాబు రాలేదు.

బండి సిద్ధం చేయడం గురించి అంతగా ఎందుకు పట్టుబట్టానంటే, చాలా బండ్లు కర్మాగారం నుంచి పూర్తిగా తయారై రావు. పెట్టెలో వచ్చే బండికి హ్యాండిలు, అద్దాలు, బ్యాటరీ, కొన్నిటికి ముందు చక్రం కూడా డీలరు దగ్గరే బిగిస్తారు. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయాలి, టైర్లలో గాలి సరిచూడాలి, బ్రేకులు పరీక్షించాలి. ఆ చివరి గంట పని ఎవరి చేతుల్లో జరిగిందన్నది ధరల కాగితంలో కనిపించదు.

సాయంత్రం అన్నయ్యకు ఫోను చేశాను. "వారంటీ కంపెనీ ఇస్తుంది కదరా. చవకగా ఉన్నచోట కొని దగ్గర్లో సర్వీసు చేయించుకో" అన్నాడు. మాట సబబే. అధీకృత డీలరు ఎవరైనా వారంటీ పని చూడాలి. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు నడిపేవాడికి నేనూ అదే చెబుతాను. నాది రోజువారీ ప్రయాణం. 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు మొదటి సర్వీసు, ఆ తర్వాత కనీసం ఏటా ఆయిలు, రెండేళ్లకోసారి బ్రేకు ద్రవం. వీటన్నిటికీ ఈ దగ్గరి గుమ్మమే ఎక్కాలి. ఫలానాది వారంటీ కిందికి వస్తుందా రాదా అన్న సందేహం వచ్చిన రోజున, నా తరఫున కంపెనీకి గట్టిగా రాయడానికి వాళ్లకు ఒక కారణం ఉండాలి. వాళ్ల దగ్గర కొనడం అలాంటి కారణమే అని నా నమ్మకం. "సరే, నడిపేది నువ్వు" అన్నాడు అన్నయ్య.

జాకెట్ ఇంకో ఆరు నెలలు ఆగుతుంది. హెల్మెట్ మాత్రం ఆగదు, అది బండికంటే ముందే కొంటాను.

దగ్గరి షోరూముకు ఫోను చేసి బండి ఖాయం చేశాను. గురువారం ఉదయం పెట్టె విప్పుతారట. ఆ మెకానిక్‌గారే బిగిస్తారా, నేను పక్కన నిలబడి చూడవచ్చా అని అడిగాను. ఫోను పట్టుకుని కాసేపు ఆగమన్నారు. లోపల ఎవరితోనో మాట్లాడి వచ్చి, తొమ్మిదింటికల్లా రమ్మన్నారు.