పురి విడిచిన తాడు

"కొందరు మానుకొనుచున్నట్టుగా, సమాజముగా కూడుట మానక..." హెబ్రీ 10:25ని గోడ క్యాలెండర్ల మీద చూసి చూసి, హాజరు వేసుకునే వచనంగా మార్చేసుకున్నాం. వాక్యం అక్కడ ఆగదు. "ప్రేమచూపుటకును సత్కార్యములు చేయుటకును ఒకని నొకడు పురికొల్పవలెనని ఆలోచింతము" అంటుంది. ఎందుకు కూడాలో చెప్పింది ఈ మాటే. ప్రసంగం విని పోవడానికని అక్కడ లేదు.

పురికొల్పడానికి గ్రీకులో ఉన్న మాట పారొక్సుస్మోస్. అపొస్తలుల కార్యములు 15:39లో పౌలు బర్నబాల నడుమ పుట్టిన "తీవ్రమైన వాదము"కు కూడా ఇదే మాట. అంత వేడి ఉంది దానిలో. మన తెలుగు మాటలోనేమో పురి వినబడుతుంది, తాడుకు ఎక్కించే పురి. ఆ పురి దగ్గర కాసేపు ఆగుదాం.

పుండి నారైనా జనుము నారైనా పేనేముందు తడుపుతారు. పొడి నార పెళుసు, మెలి పెడితే విరుగుతుంది. ఒక్కో పేటకు ఒక వైపు పురి ఎక్కిస్తారు. తర్వాత మూడు పేటలనూ కలిపి దానికి ఎదురు వైపు మెలివేస్తారు. ప్రతి పేటా విడిపోవాలనే చూస్తుంది, కానీ ఆ విడిపోయే బలమే పక్క పేటను బిగిస్తుంది. అందుకే చేయి వదిలినా తాడు నిలుస్తుంది. ఒంటి పేటకు ఎంత పురి ఎక్కించినా, వదిలిన మరుక్షణం గిర్రున తిరిగి మళ్లీ నారే. "మూడు పేటల త్రాడు త్వరగా తెగిపోదు గదా?" అని ప్రసంగి 4:12 అడిగింది దీన్నే.

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆదివారానికి మూడు ప్రసంగాలు వినేవారికి పురి ఎక్కదని అనను. ఎక్కుతుంది, పక్కన పేట లేదు గనుక సోమవారానికి విడిపోతుంది. మంచాన పడ్డవారికి, ఆదివారం డ్యూటీ తప్పనివారికి ఆ ఫోనే దేవుడిచ్చిన మేలు. కాళ్లు బాగుండి, గుడి నాలుగడుగుల దూరంలో ఉన్నవారి గురించే ఈ బాధంతా.

ఒక పేట వదులుగా ఉంటే చూపుకు అది మూడు పేటల తాడే. బరువు పడితే మోసేవి రెండే, తెగేవీ ఆ రెండే. మన సంఘాల్లో జరిగేది అక్షరాలా ఇదే. రిజిస్టర్‌లో వంద కుటుంబాలుంటాయి. చాపలు పరిచేది, మైకు సర్దేది, ఆసుపత్రిలో రాత్రి కాపలా ఉండేది అవే నాలుగు ఇండ్లు. వాళ్లు అలసి తప్పుకున్నాక పాస్టర్ గారిని తప్పుపడతాం. 1890లో మిషనరీలైన ఫ్రీసెన్ దంపతులు నల్లగొండకు వచ్చారు, నిజమే. కానీ ఊరూరికీ వాక్యం మోసింది ఇక్కడి బోధకులు, బైబిల్ స్త్రీలు. ఎక్కువమంది మోశారు గనుకే అది మనదాకా వచ్చింది.

అతుకు సంగతి కూడా ఉంది. పాత నార పూర్తిగా అయిపోకముందే కొత్త నార చేర్చాలి. మూడు పేటలకూ ఒకే చోట అతుకు పడిందా, తాడు అక్కడే తెగుతుంది. పెద్దలంతా ఒకే ఈడువారై, ఒకేసారి మంచాన పడితే సంఘం పనీ అంతే. కోశాధికారి పక్కన ఒక యువకుణ్ని ఇప్పుడే కూర్చోబెట్టండి, కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలని నేర్పండి. ఆదివారం బడి టీచరమ్మ పక్కన ఒక అమ్మాయిని నిలబెట్టండి.

ఇంట్లో నుంచి మొదలుపెట్టాలంటే పిడికెడు బియ్యం చాలు. వండే ప్రతిసారీ, కడగక ముందే, పొడి చేత్తో ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. రోజుకు రెండు పూటలైతే వారానికి అర కిలో దాటుతుంది. 30 ఇండ్లు కలిస్తే 15 కిలోలకు తగ్గదు. చెడిపోయేది తడి వల్ల, నిల్వ వల్ల. తడి తగిలితే ముక్కిపోతాయి, నెలల తరబడి ఉంచితే పురుగు పడుతుంది. ఎండిన వేపాకు వేసి, వారం వారం గుడికి తేవాలి. సన్న బియ్యం, దొడ్డు బియ్యం కలపకండి. దొడ్డువి ఉడికేసరికి సన్నవి ముద్దైపోతాయి, తీసుకున్న ఇల్లు చిన్నబోతుంది. ఇచ్చేటప్పుడు ఫోటోలు వద్దు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్నారు ప్రభువు.

పాలమూరు సంఘాలకు ఇంకో బరువుంది, వలస. ముంబై, పుణె, హైదరాబాద్ పోయే కుటుంబం చెప్పకుండా పోతే పేట జారినట్టే. పోయేముందు పాస్టర్ గారి దగ్గర ఉత్తరం తీసుకోండి, అక్కడ చేరబోయే సంఘానికి చూపించండి. ఇక్కడున్నవారు ఆ ఇంటికి ఆదివారం సాయంత్రం ఒక్క ఫోన్ చేయండి. ముసలి తల్లిదండ్రులను ఇక్కడే వదిలి పోయి ఉంటే, వారిని గుడికి తెచ్చే పూచీ ఒక ఇల్లు పేరు చెప్పి తీసుకోవాలి. అందరిదీ అంటే ఎవరూ తేరు.

హెబ్రీ పత్రిక అందుకున్నవారు ఆస్తి కోల్పోయినవారు, 10:34 చూడండి. కూడుకోకుండా ఉండటానికి వారికి కారణం ఉంది. మనకేముందయ్యా?

వచ్చే ఆదివారం పావుగంట ముందు రండి. చాపలు పరవడానికి ఒక చేయి వేయండి. మూడు వారాలుగా ఖాళీగా ఉన్న చోటు ఎవరిదో చూడండి. ఆశీర్వచనం అయ్యాక మీ ఇంటికి కాదు, ముందు ఆ ఇంటికి పోండి.