పాస్టరుగారి తొంభై ఏళ్ల కాగితాలు: పని ఎక్కడిదాకా వచ్చింది

పాత కందుకూరు తాలూకాలో పుట్టి, మిషన్ బడిలో టీచరై, ఆ తర్వాత పాస్టరై, రిటైరయ్యాక కూడా ఆదివారం ప్రసంగం మానని ఒక బాప్టిస్టు పెద్దాయన కాగితాలు ఇవి. కుటుంబం వద్దంది కాబట్టి పేరు రాయడం లేదు. ట్రంకు పెట్టెల్లో ఉన్నదంతా బయటికి తీసి రకాలవారీగా విడదీయడం అయింది. స్కానింగు సగం దాటింది. తేదీలు తేల్చడమే నెమ్మదిగా నడుస్తోంది.

తేదీ లేని కాగితం చేతికొస్తే ముందు జిల్లా పేరు చూడాలి. ఆయన ఊరు మొదట నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అయింది. 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరు కిందికి వెళ్లింది. ఊరు ఉన్నచోటే ఉంది, 2022 నాటికి జిల్లా పేరు మూడుసార్లు మారింది. ‘ఒంగోలు జిల్లా’ అని అచ్చయిన లెటర్‌హెడ్ 1970కి ముందుది కాదు. అలాగని 1972 లోపుదే అనుకోకూడదు. పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా ఏ ఆఫీసూ కొత్తవి వేయించదు. ‘దీనికి ముందుది కాదు’ అని మాత్రమే లెటర్‌హెడ్ చెబుతుంది, పై హద్దు చెప్పదు. ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటే 1953 అక్టోబరు తర్వాతిది. అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ‘మండలం’ అని ఉంటే 1985కి ఇటువైపుది. ‘సమావేశం’ పేరుతో సంఘం ఉత్తరం ఉంటే 1962కి ముందుది కాదు, తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడింది అప్పుడే. కవరు మీద పోస్టాఫీసు ముద్ర చదవగలిగితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ముద్ర మసకగా ఉంటే పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీస్తే అంకెలు తేలతాయి.

పుట్టిన తేదీ సంగతి వేరే. ఎస్సెల్సీ (స్కూలు చివరి పరీక్ష) పుస్తకంలో జూలై 1 అని ఉంది. ఆ తరం వాళ్లలో చాలామందికి అదే తేదీ, బళ్లో వేసిన రోజు హెడ్‌మాస్టరు వయసు అంచనా కట్టి రాసింది. సర్వీసు రిజిస్టరు, పెన్షను అన్నీ దాని మీదే నడిచాయి కాబట్టి దాన్ని కొట్టేయకూడదు. ‘రికార్డు తేదీ’, ‘ఇంట్లో చెప్పే తేదీ’ అని మా జాబితాలో రెండు గళ్లు పెట్టాం. సంఘం రిజిస్టరులోని బాప్తిస్మం తేదీ ఇందుకు పనికిరాదు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచి ఇస్తారు. పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చే లూథరన్ల రిజిస్టర్లకు అలవాటైనవాళ్లు ఇక్కడే పొరబడతారు, పదిహేనేళ్ల తేడా వచ్చేస్తుంది.

ముత్తాత గుండ్లకమ్మ సామూహిక బాప్తిస్మాల్లో ఉన్నాడని కుటుంబం చెప్పేది కూడా ప్రస్తుతానికి ‘ఆధారం లేదు’ గడిలోనే ఉంది. 1876-78 కరవులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు. ఒంగోలు చుట్టుపక్కల ఏ పాత బాప్టిస్టు ఇంట్లో అడిగినా మా తాత ఆ రోజు వాళ్లలోనే అంటారు. అందరి లెక్కా కలిపితే గుండ్లకమ్మ చాలదు. రిజిస్టరులో పేరు, ఊరు రెండూ కలిస్తేనే ఎక్కిస్తాం.

స్కానింగు కొలతలు: ఉత్తరాలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫొటోలు 600, పాస్‌పోర్టు సైజువి 1200. నలుపు తెలుపు కాగితమైనా కలర్లోనే తీయాలి. ఊదారంగు రబ్బరు స్టాంపు కింద నల్ల సిరా సంతకం ఉంటే, గ్రేలో రెండూ కలిసిపోయి ఏదీ చదవలేం. అసలు ఫైలు నాణ్యత తగ్గని టిఫ్‌ రకంలో దాచి, చూసుకోవడానికి జేపెగ్ కాపీ చేస్తున్నాం. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, రోజు. తెలియని చోట 00, అంచనా అయితే చివర ‘సు’ (సుమారు).

తుప్పు పట్టిన గుండుసూది లాగితే కాగితం దానితోపాటే చిరుగుతుంది. కాగితం కింద పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదిని కాస్త వంచి జారనివ్వాలి. సెల్లోటేపు జోలికి పోకుండా అలాగే స్కాన్ చేయాలి. ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటోని ఊడదీస్తే మొహం అద్దానికే ఉండిపోతుంది, అద్దంతో సహా ఫొటో తీయాలి. ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతోనే రాయాలి, బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లకు ఇక చేయగలిగింది లేదు. ఎవరైనా కొత్తగా చేయించబోతే మాత్రం ఆపండి. రామాయపట్నం వైపు సముద్రపు గాలికి పెట్టెల్లో చెమ్మ చేరుతుంది, మైదా జిగురు కోసం వెండిపురుగు వస్తుంది. కలరా ఉండలు ఫొటోల పక్కన వేయొద్దు. సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా ఆరబెట్టి వాడుతున్నాం.

పాస్టరుగారి మాటల రికార్డింగు పొద్దున్న పూట, ఫ్యాను ఆపి, ఫోను ఆయన ఒళ్లో కాకుండా బల్లమీద గుడ్డ పరిచి పెట్టి. ఏ సంవత్సరం అని అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు. ‘దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?’, ‘79 మే తుపానుకి మీరు ఏ ఊళ్లో పాస్టరు?’ అంటే తడుముకోకుండా చెబుతారు. మొదటిది 1977 నవంబరు, కాబట్టి ఒక్క జవాబుతో రెండు బదిలీలు వరసలో పడ్డాయి.

టీచరు ఉద్యోగం నుంచి పూర్తికాలం పాస్టరుగా మారిన ఏడాది ఇంకా తేలలేదు. అప్పట్లో ఒకే మనిషి వారమంతా బడి, ఆదివారం గుడి చూసేవాడు కాబట్టి జీతం కాగితాల్లో ఆ మార్పు కనిపించదు. పాస్టరుగా నియమించినప్పటి అభిషేకం సర్టిఫికెట్ దొరకాలి, లేదా ఆ ఏడు సంఘం మినిట్సు పుస్తకం. ఆ పుస్తకం అట్ట చెదలు తిన్నది, లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. తర్వాత స్కాన్ చేయబోయేది అదే.