గడ్డి కాలాక కాజీరంగా, అంతకంటే ముందు మానస్

కాజీరంగా, మానస్ పార్కులున్న అస్సాం బ్రహ్మపుత్ర లోయలో జంతువులు కనిపించేదీ లేనిదీ చాలావరకు గడ్డి ఎత్తే తేలుస్తుంది. వానలు తగ్గి పార్కులు తెరిచే కొత్తలో, అంటే అక్టోబరు, నవంబరుల్లో, అక్కడి రెల్లుజాతి గడ్డి ఏనుగు వీపును దాటి ఉంటుంది. పది అడుగుల దూరంలో ఖడ్గమృగం మేస్తున్నా గడ్డి కదలడమే తెలుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అటవీశాఖవాళ్ళు ఎండిన గడ్డిని విడతలు విడతలుగా తగలబెడతారు. అలా కాల్చకపోతే తుప్పలు, చెట్లు లేచి గడ్డిభూమి మెల్లగా అడవైపోతుంది. కాల్చిన వారంలో వెళ్తే బూడిద, పొగ తప్ప ఏమీ ఉండదు. రెండు మూడు వారాలు ఆగితే నల్లటి నేల మీద జానెడు పచ్చిక మొలిచి, దాని కోసం జింకలూ ఖడ్గమృగాలూ బయటికి వస్తాయి. అందుకే మేము ఫిబ్రవరి చివరి వారం పెట్టుకున్నాం. మార్చి సగం దాకా ఇదే మంచి కాలం. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో సాయంత్రం గాలివానలు మొదలవుతాయి. వీటిని అస్సామీలు బొర్దొయ్‌సిలా అంటారు. ఒక్క వాన పడితే చాలు, పార్కులోని మట్టిదారులు జారుడుబండలే. కొన్ని దారులు అప్పటికప్పుడు మూసేస్తారు కూడా.

హైదరాబాద్ నుంచి గువాహటికి విమానంలో వెళ్ళాం. రైలే కావాలంటే కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, విశాఖ మీదుగానే పోతుంది, కానీ రెండు రాత్రులు రైల్లోనే గడిచిపోతాయి. ఏ దారిన వెళ్ళినా చేతి గడియారాన్ని నమ్మితే మోసపోతాం. ఫిబ్రవరి చివర్లో ఇక్కడ ఐదుంపావుకే పొద్దు గూకుతుంది, డిసెంబరులోనైతే నాలుగున్నరకే. మన దగ్గరకంటే గంటకు పైగా ముందన్నమాట. టీ తోటల్లో ఇప్పటికీ 'బాగాన్ టైమ్' అని గడియారం గంట ముందుకు తిప్పి పెట్టుకోవడం ఊరికే కాదు. చాలామంది ప్లాన్లు తప్పేది ఇక్కడే. మధ్యాహ్నం మూడింటికి హోటల్ చేరి, నాలుగింటికి సఫారీ అనుకుంటారు. మధ్యాహ్నపు జీపులు ఒకటిన్నర, రెండు మధ్య లోపలికి పోవాలి, చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి. ఒక్క రాత్రి బసతో వచ్చినవాళ్ళకు దక్కేది సగం సఫారీ.

ముందు మానస్, తర్వాత కాజీరంగా. ఈ వరుస తిప్పొద్దు. కాజీరంగాలో గంటకు ఇరవై ఖడ్గమృగాలను చూసిన కళ్ళకు మానస్ ఖాళీగా కనిపిస్తుంది, ఆ అడవికి అన్యాయం జరుగుతుంది. గువాహటి నుంచి బర్పేటా రోడ్ అనే ఊరికి మూడు గంటలు, అక్కడి నుంచి బాన్స్‌బారీ గేటు మరో 20 కి.మీ. గేటు దగ్గర జీపు, సాయుధ గార్డు మాట్లాడుకుని, లోపల మరో 20 కి.మీ. వెళ్తే మాథన్‌గురి. మానస్ నది కొండల్లోంచి మైదానంలోకి దిగే చోటు అది. నీళ్ళు నీలంగా, అడుగున తెల్లని గుండ్రాళ్ళు లెక్కపెట్టేలా ఉంటాయి. అవతలి గట్టు భూటాన్.

మానస్‌కు 1985లోనే యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. 1990లో నేషనల్ పార్కు అయింది. సరిగ్గా ఆ కాలంలోనే ఆ ప్రాంతమంతా అల్లర్లలో చిక్కుకుంది. కాపలా క్యాంపులు కాలిపోయాయి, వేట పెచ్చుమీరింది, ఉన్న ఖడ్గమృగాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. 1992లో యునెస్కో ప్రమాద జాబితాలో చేరి, 2011లో గానీ బయటపడలేదు. 2008 నుంచి అస్సాంలోనే ఉన్న పొబితోరా అభయారణ్యంలో, కాజీరంగాలో పట్టిన ఖడ్గమృగాలను లారీల్లో తెచ్చి వదిలారు. ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా అవీ, వాటి పిల్లలూ. వేట చూసిన అడవి కాబట్టి జంతువులకు బెదురెక్కువ. జీపు చప్పుడు వినగానే అడవిగేదెల మంద తోక చూపిస్తుంది. కాబట్టి ఇక్కడ బండి తిప్పడం తగ్గించి, ఒకచోట ఆగడం పెంచాలి. బాన్స్‌బారీ నుంచి మాథన్‌గురి దారిలో గడ్డిభూమికి ఎదురుగా ఉన్న వాచ్ టవర్ మీద గంటన్నర కూర్చుంటే, నాలుగు గంటల తిరుగుడులో కనిపించనివి అక్కడ కనిపించాయి. మార్చి నుంచి బెంగాల్ ఫ్లోరికాన్ మగపిట్టలు గడ్డిలోంచి నిలువునా పైకెగిరి మళ్ళీ దిగే ఆట మొదలుపెడతాయి. పక్షుల కోసమే వెళ్ళేవాళ్ళు మానస్‌ను రెండు వారాలు ఆలస్యంగా పెట్టుకోవచ్చు.

మానస్ నుంచి కాజీరంగా అంటే మళ్ళీ గువాహటి దాటి తూర్పుకు పోవడమే. ఒక రోజు పూర్తిగా దానికే రాసుకోవాలి. జాఖలాబంధా దాటాక ఎడమ పక్క పార్కు, కుడి పక్క కార్బీ ఆంగ్లాంగ్ కొండలు, మధ్యలో జాతీయ రహదారి. ఈ మూడింటి సంబంధం తెలిస్తే కాజీరంగా సగం తెలిసినట్టే. ప్రతి వానాకాలం బ్రహ్మపుత్ర పొంగి పార్కులోకి వస్తుంది. ఆ వరదే బీళ్ళను (అక్కడ చెరువుల్లాంటి మడుగుల్ని బీల్ అంటారు) కడిగి, చేపపిల్లల్ని, ఒండ్రును తెచ్చి వేస్తుంది. వరద రాని ఏడు పార్కుకు నష్టమే. కానీ నీళ్ళు మరీ పెరిగితే జంతువులు ఎత్తు వెతుక్కుంటూ ఈ రోడ్డు దాటి కొండలెక్కాలి. పాన్‌బారీ, హల్దీబారీ, కాంచన్‌జురీ, ఆమ్‌గురీ అనేవి అవి దాటే దారులు. వరద రోజుల్లో రోడ్డు మీద బండ్లకు వేగం 40 కి.మీ. మించకూడదు. మొదట్లో టైము వేసిన కార్డు చేతికిస్తారు, చివర్లో లెక్క చూస్తారు. ముందే చేరారంటే జరిమానా. ఫిబ్రవరిలో ఆ కార్డులుండవు గానీ, బోర్డు కనిపించిన చోటల్లా డ్రైవరుకు ఒకసారి గుర్తుచేయండి.

బస కొహోరాలో. పార్కుకు మూడు ముఖ్యమైన గేట్లు: కొహోరా (సెంట్రల్), బాగోరీ (వెస్టర్న్), అగరతోలీ (ఈస్టర్న్). బూరాపహాడ్ అని నాలుగోది ఉంది, అది కొండ అడవి, మొదటిసారి వెళ్ళేవాళ్ళు వదిలేయొచ్చు. అందరూ కొహోరా గేటుకే ఎగబడతారు, శని, ఆదివారాల్లో జీపుల తిరనాళ్ళే. వీలైతే సోమవారం నుంచి గురువారం మధ్యలో పెట్టుకోండి. ఖర్చు ఒకే టికెట్‌గా ఉండదు. జీపు అద్దె, మనిషికి ప్రవేశ రుసుము, బండి లోపలికి వెళ్ళే రుసుము, కెమెరా, గార్డు, అన్నీ విడివిడి. రేట్లు సీజను సీజనుకూ మారతాయి గనుక అంకెలు ఇవ్వడం లేదు. మాట్లాడుకునేటప్పుడే 'ఇందులో ఏవేవి కలిశాయి' అని ఒక్కొక్కటీ అడగాలి. హోటళ్ళు చెప్పే ప్యాకేజీలో కెమెరా, గార్డు సొమ్ము సాధారణంగా కలవదు. గేటు దగ్గర చిల్లర నగదు ఉంచుకోండి, సిగ్నల్ లేక ఫోన్ పేమెంట్ ఆగిపోతుంటుంది. గుర్తింపు కార్డు అసలుది కావాలి.

ఏనుగు సవారీకి తెల్లవారుజామున రెండు బ్యాచులు, ఐదున్నర ప్రాంతంలో ఒకటి, ఆరున్నరకు ఒకటి. అందరూ మొదటిదే అడుగుతారు, మేమైతే రెండోదే మేలంటాం. చలికాలంలో గడ్డిభూమి మీద మంచు దుప్పటి కప్పినట్టు ఉంటుంది, మొదటి బ్యాచుకు ఇరవై గజాల అవతల ఏమీ ఆనదు, ఫోటోలన్నీ బూడిదరంగే. ఏనుగెక్కడం ఇష్టంలేనివాళ్ళు మానేసినా పెద్దగా పోయేదేమీ లేదు, గడ్డి కాలాక జీపులోంచే అన్నీ కనిపిస్తాయి.

మధ్యాహ్నం బాగోరీ. ఖడ్గమృగాలకు ఇదే రాజధాని. 2022 లెక్కల్లో కాజీరంగాలో 2613 తేలాయి. ఒంటికొమ్ము ఖడ్గమృగాలు ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవు. దోంగా బీల్ టవర్ దాకా పోయే దారిలో ఒకటి జీపుకు పది గజాల్లో మేస్తూ దొరికింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ముందు చెవుల్ని చూడండి: రెండూ విడివిడిగా, ఒకటి మన వైపు, ఒకటి వెనక్కి తిరుగుతుంటాయి. చూపు మందం, వాసన, వినికిడి మాత్రం మహా పదును. పై పెదవి చివర చిటికెనవేలంత కొన ఉంటుంది, దాంతో గడ్డిని చుట్టి పట్టి లాగుతుంది. పర్రు పర్రుమని గడ్డి తెగే చప్పుడు జీపులోకి వినిపిస్తుంది. భుజాల మీద, తొడల మీద చర్మం రేకులు అతికించినట్టు, వాటి మీద మేకులు కొట్టినట్టు బొడిపెలు. వీపు మీద మైనాలు, కాళ్ళ దగ్గర కొంగలు.

ఇంకాస్త ముందుకు, దారి పక్కనే పేడకుప్ప. ఖడ్గమృగాలు ఎక్కడబడితే అక్కడ వేయవు, ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వస్తాయి, ఆఖరి నాలుగడుగులు వెనక్కి నడిచి వస్తాయి. ఒకే కుప్పను చాలా జంతువులు వాడతాయి, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్న కబురు వాటికి ఆ వాసనలోనే. పాత కుప్పల మీద గింజలు మొలకెత్తి చిన్న నారుమడిలా ఉంటుంది. తాజా కుప్ప పక్కన బండి ఆపించకండి. అది వాటి దారి, మీ వెనకనుంచే రావచ్చు.

జంతువు తల దించి, చెవులు రెండూ ముందుకు పెట్టి బుసకొడితే డ్రైవరు వెనక్కి తీస్తాడు. అప్పుడు 'ఇంకొక్క ఫోటో' అనకూడదు. అంత శరీరంతో గంటకు 40 కి.మీ. దాటి పరుగెత్తగలదు. అది గాయపరిచేది కొమ్ముతో అనుకుంటారు గానీ, కింది దవడలో కోరల్లా ఉండే ముందుపళ్ళతో కోస్తుంది. పిల్లతో ఉన్న తల్లి దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ కొమ్ము గోళ్ళూ వెంట్రుకల్లాంటి పదార్థమే తప్ప మందేమీ కాదని చెప్పడానికి 2021 సెప్టెంబరు 22న ఇక్కడికి దగ్గర్లోని బొకాఖాట్‌లో ప్రభుత్వం 2479 కొమ్ముల్ని బహిరంగంగా కాల్చేసింది.

అగరతోలీకి మర్నాడు పొద్దున. కొహోరా నుంచి నలభై నిమిషాలు, కాబట్టి ఆరుంపావుకల్లా బయల్దేరాలి. ఖడ్గమృగాలు తక్కువ, నీళ్ళు ఎక్కువ. సొహోలా బీల్ చుట్టూ పట్టెతల బాతులు, గూడబాతులు, పల్లాస్ చేపగద్ద. గట్టు మీద నీటికుక్కలు చేపను కొరుక్కుతింటూ ఒకదాన్నొకటి కసురుకుంటున్నాయి. మన పాలపిట్టలాంటిదే తీగ మీద వాలి ఉంటే పొరబడకండి, ఇక్కడిది వేరే జాతి, రొమ్ము ఊదా ఛాయలో ముదురుగా ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల నీలం మాత్రం అదే. మూడు గేట్లలో ఒక్కటే చూడగలిగితే జంతువులకు బాగోరీ, పక్షులకు అగరతోలీ. కొహోరాది మా లెక్కలో మూడో స్థానం.

పెద్దపులి సంగతి. వంద దాటి ఉన్నాయి, అయినా దాని కోసమే రావొద్దు. గడ్డిలో దాక్కునే చోటు అంతులేనంత. పొట్టి జింకలు ఒక్కసారిగా తలెత్తి ఒకే దిక్కు చూస్తూ కూస్తే ఆగి చూడాలి, అంతకుమించి ఉపాయం లేదు. మాకు దారి మీద తడి అడుగులు దొరికాయి.

కెమెరాకు 100–400 లెన్సు సరిపోతుంది. జీపులో స్టాండు పనికిరాదు, బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచిని కడ్డీ మీద పెట్టి దాని మీద ఆనించండి. ఇంజను ఆపమని ప్రతిసారీ అడగాలి, లేకపోతే ప్రతి ఫోటో వణుకుతుంది. పదింటి తర్వాత కాలిన నేల నుంచి వేడిగాలి లేచి దూరపు ఫోటోలన్నీ కరిగినట్టు వస్తాయి, అప్పుడు దగ్గరి వాటితో సరిపెట్టుకోవాలి. దుమ్ముకు ముక్కుగుడ్డ, పొద్దుటి చలికి చెవులు మూసే టోపీ. మధ్యాహ్నం అదే జీపులో చెమటలు పడతాయి.

భోజనం అంతా ఆవనూనె. మాసొర్ టెంగా అనే పుల్లటి చేపల పులుసు మనవాళ్ళకు పట్టేస్తుంది, అన్నం ఎలాగూ ఉంది. భూత్ జొలొకియా పచ్చడి సీసా బల్ల మీద ఉంటుంది. గుంటూరు కారం తిన్న నాలుకే కదా అని చెంచాతో వేసుకోకండి, అగ్గిపుల్ల కొనకు అంటినంత చాలు. ఇక్కడి టీ తోటల్లో పనిచేసేవాళ్ళలో తరాల కిందట మన ఉత్తర కోస్తా నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

తిరుగు ప్రయాణం జోర్‌హాట్ నుంచి పెట్టుకుంటే గువాహటికి వెనక్కి పోయే పని తప్పుతుంది, పైగా హొలొంగాపార్ గిబ్బన్ అభయారణ్యం కలిసొస్తుంది. 21 చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవి, చుట్టూ టీ తోటలు, మధ్యలోంచి రైలు పట్టాలు. మన దేశంలోని ఒకే ఒక్క తోకలేని వానర జాతి, హూలాక్ గిబ్బన్, ఇక్కడుంటుంది. మగది నల్లగా, ఆడది గోధుమరంగులో. నేల మీదికి దాదాపు దిగదు, అందుకే పట్టాలు దాటి అవతలికి పోవడం దానికి కష్టం. ముందు రాత్రి జోర్‌హాట్‌లోనో మరియానీలోనో పడుకుని, ఏడింటికల్లా గేటు దగ్గరుండాలి. లోపలికి గార్డుతో కాలినడకే. జలగలకు పొడుగు మేజోళ్ళు, మెడ నొప్పికి ఓపిక. జంట పాట మొదలైతే కిలోమీటరు దూరం నుంచే వినిపిస్తుంది, గార్డు ఆ దిక్కుకే నడిపిస్తాడు. ఎండెక్కాక పాట ఆగిపోతుంది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు ఆకుల్ని చూసి వస్తారు.