‘వస్తాను’ అన్న మాట

నా నడుము నొప్పికి ఇది ఏడో సంవత్సరం. మూడు నెలలకు మించి ఉండే, లేదా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది కాలంతో గీసిన గీతే అయినా, ఆ గీత దాటిన మనిషికి కాలం ఎలా గడుస్తుందో అందులో ఉండదు.

మొదటి రెండేళ్ళూ, కాస్త తెరిపి దొరికిన పూటే పేరుకుపోయిన పనులన్నీ ముగించేదాన్ని. ఆ తరువాత మూడు రోజులు మంచం దిగలేకపోయేదాన్ని. నొప్పి ఆపమన్నప్పుడు కాకుండా గడియారం ఆపమన్నప్పుడు ఆగమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. 20 నిమిషాలు కూర్చుని రాయగలనని తేలాక 15 నిమిషాలకే అలారం పెట్టుకున్నాను. ఒంట్లో ఇంకా శక్తి ఉండగా, వాక్యం సగంలో ఉండగా లేచిపోవడం నొప్పిని భరించడం కంటే నాకు కష్టమైంది. ఈ రోజు మిగుల్చుకున్న ఐదు నిమిషాలే రేపటి పూటను నిలబెడతాయని నమ్మడానికి చాలా నెలలు పట్టింది.

గడిచిన కాలం విషయంలోనూ నా మీద నాకు నమ్మకం పోయింది. ‘గత వారం నొప్పి సగటున పదికి ఎంత?’ అని డాక్టరు అడిగితే, నేను చెప్పే అంకె ఆ రోజు ఉదయపు నొప్పిదే అయ్యేది. 1996లో రెడెల్‌మైయర్, కానమన్ అనే పరిశోధకులు పెద్దపేగు పరీక్ష చేయించుకున్న రోగులను గమనించి, గడిచిన నొప్పిని వారు తలచుకునే తీరు అది ఎంతసేపు ఉందన్న దానికంటే, అత్యంత తీవ్రమైన క్షణాన్నీ చివరి క్షణాలనూ బట్టి ఉందని తేల్చారు. అది చదివాక పూటపూటకూ అంకె రాసుకోవడం మొదలుపెట్టాను. పూర్తిగా నరకమనుకున్న ఒక వారంలో నాలుగు పూటల పక్కన 3 అని నా చేతిరాతే కనిపించినప్పుడు ఏడుపు వచ్చింది. ఆ నాలుగు పూటలూ నేను బతికినవే, కానీ నాకు గుర్తులేవు.

తెలుగులో ‘వస్తాను’ అన్న ఒక్క రూపమే అలవాటునూ, రాబోయే పనినీ చెబుతుంది: రోజూ వస్తాను, రేపు వస్తాను. రోజూ చేసేదానిపై భరోసా ఉన్నవారికే రేపటి మాట సులువుగా నోటికి వస్తుందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. కొన్నాళ్ళు ఆ మాట అనడమే మానేశాను, పిలిచేవారూ తగ్గిపోయారు. మా చెల్లెలు మాత్రం ‘వస్తావా అక్కా’ అని అడగడం మాని, ‘ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేస్తాను’ అంటుంది. చేస్తుంది కూడా.