బుడోకాన్ గుమ్మం దాకా

ఆఫీసు పని మీద టోక్యోలో ఉన్న రెండు వారాల్లో నాకు దొరికింది ఒక్క ఆదివారం. 2023 నవంబర్ చివర్లో. నిషికసాయ్‌లో మా బాబాయి కొడుకు ఇంట్లో దిగాను. ఫుజీ పర్వతం చూసొద్దాం అన్నాడు వాడు. నేను బుడోకాన్ అన్నాను. "అక్కడేముంది అన్నయ్యా, కచేరీలు జరిగే హాలే కదా" అన్నాడు. వాడికి చెబితే అర్థం కాదని కాదు గానీ, పొద్దున్నే అంత కథ చెప్పే ఓపిక లేక ఒక్కడినే బయలుదేరాను. తోజాయ్ లైన్ ఎక్కితే రైలు మారక్కర్లేదు, నేరుగా కుదాన్‌షిత స్టేషన్‌లో దిగొచ్చు.

ఆ కథ హార్ష్‌పతకి గాబోర్‌ది. హంగేరీ కరాటే ఆటగాడు, 75 కిలోల విభాగం. వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

2021 ఆగస్టు 6. టోక్యో ఒలింపిక్స్ రోజులు. పొద్దున మన అమ్మాయిల హాకీ జట్టు బ్రిటన్ చేతిలో 4-3తో ఓడి కాంస్యం పోగొట్టుకుంది. హైదరాబాద్‌లో ఇంటి నుంచే పని, మనసు అసలు పని మీద లేదు, ఆ దిగులులోనే లాప్‌టాప్ పక్కన ఫోన్ పెట్టుకుని కరాటే చూశాను. చిన్నప్పుడు విజయవాడలో ఏడేళ్లు నేర్చుకున్నాను లెండి, స్కూలు గ్రౌండ్‌లో, మట్టిలో, వట్టి కాళ్లతో. అసలు కరాటే ఒలింపిక్స్‌లోకి రావడమే అది మొదటిసారి. పోటీ బుడోకాన్‌లో.

గాబోర్ అక్కడికి రావడమే ఆఖరి బస్సు పట్టుకుని వచ్చినట్టు. జూన్‌లో పారిస్‌లో చివరి క్వాలిఫయింగ్ టోర్నీ జరిగింది, ఒక్కో విభాగంలో ముగ్గురికే టికెట్. అందులో ఒకటి సాధించి రెండు నెలలు తిరక్కుండా టోక్యోలో నిలబడ్డాడు. 75 కిలోల్లో మొత్తం పదిమంది, ఐదుగురేసి రెండు గ్రూపులు, గ్రూపులో అందరితో అందరూ తలపడాలి, మొదటి ఇద్దరికే సెమీస్. ఒక్కో ఫైట్ మూడు నిమిషాలు. చేత్తో కొడితే ఒక పాయింట్, ఒంటి మీద కిక్‌కి రెండు, తల మీద కిక్‌కి మూడు. అంటే రెండు పాయింట్లు వెనకబడ్డవాడు కూడా ఆఖరి సెకన్లో ఒక్క కిక్‌తో గెలిచేయొచ్చు. స్కోరు సమానమైతే ముందు పాయింట్ తీసినవాడిదే గెలుపు, దాన్ని సెన్‌షు అంటారు. మా రోజుల్లో ఈ రూల్ లేదు. ఉండుంటే నేను జిల్లా పోటీల్లో అంత తొందరగా బయటికొచ్చేవాణ్ణి కాదని ఇప్పటికీ నా నమ్మకం.

సొంతగడ్డ మీద జపాన్ ఆశలన్నీ పెట్టుకున్న నిషిమురా కెన్ సెమీస్ దాకా రాలేదు. గాబోర్ వచ్చాడు. ఆ నలుగురిలో మిగిలిన ముగ్గురూ ఇటలీ లుయీజీ బుసా, ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అజర్‌బైజాన్ రఫాయెల్ అఘాయెవ్, ఉక్రెయిన్ స్తానిస్లావ్ హొరూనా. ఇందులో గాబోర్ పేరు మీద ఎవరూ పందెం కట్టరు. సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు, అలా అతనికీ హొరూనాకీ వచ్చాయి. ఫైనల్లో బుసా 1-0తో గెలిచాడు. హొరూనా తర్వాతి ఏడాది యుద్ధంలో తన దేశం కోసం ఆ పతకాన్నే వేలంలో అమ్మేశాడు.

స్టేషన్ బయట కోట కందకం, దాని మీదుగా తయాసుమోన్ ద్వారం, లోపల కితనోమారు పార్కు. రాళ్ల గోడల మధ్య నుంచి పైకి ఎక్కుతుంటే చెట్ల మీదుగా ముందు బంగారు రంగు ఉల్లిపాయ లాంటి శిఖరం కనబడుతుంది, తర్వాత ఎనిమిది మూలల పెద్ద కప్పు. నారాలోని యుమెదోనో మందిరాన్ని చూసి 1964 ఒలింపిక్స్ జూడో కోసం కట్టారు. నా గుండె నిజంగానే దడదడలాడింది.

లోపలికి వెళ్లలేకపోయాను. ఆ రోజు ఏదో కచేరీ ఉంది, టికెట్ ఉన్నవాళ్లకే ప్రవేశం, ఆడపిల్లలు వందల మంది ఒకే రంగు టవళ్లు మెడలో వేసుకుని ఓపిగ్గా క్యూలో నిలబడ్డారు. గేటు దగ్గర పెద్దాయనకి వచ్చీరాని జపనీస్‌లో కరాటే, ఒలింపిక్స్ అన్నాను. ఆయన చేతులు కట్టుకుని తల వంచి క్షమాపణ చెప్పాడు, తర్వాత ఒక్క మాట అన్నాడు, "కియునా". అదే ఆగస్టు 6న అదే హాల్లో కటాలో, అంటే ప్రత్యర్థి లేకుండా ఒంటరిగా కదలికలు చేసి చూపించే పోటీలో, స్వర్ణం గెలిచి, పోయిన తల్లి ఫొటో పట్టుకుని పోడియం ఎక్కిన ఒకినావా వాడు కియునా ర్యో. నేను "హంగేరీ" అన్నాను. ఆయనకి తెలియలేదు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కళ్లజోడు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

హాలు చుట్టూ రెండుసార్లు తిరిగాను. లోపల పద్నాలుగు వేల మంది పడతారు, కానీ కోవిడ్ వల్ల ఆ ఒలింపిక్ పోటీకి ప్రేక్షకుల్ని రానివ్వలేదు. ఖాళీ కుర్చీల మధ్య గాబోర్ పతకం మెడలో వేసుకున్నాడు. అదే హంగేరీకి ఒలింపిక్ కరాటేలో ఒకే ఒక్క పతకం. పారిస్ 2024 జాబితాలో కరాటే లేదు, ఆ సంగతి టోక్యోకి ముందే వాళ్లందరికీ తెలుసు. నేను వెళ్లడానికి నెల ముందే లాస్ ఏంజెలెస్ 2028 జాబితా వచ్చింది, క్రికెట్ ఉంది, కరాటే లేదు. క్రికెట్ వచ్చిందని మా ఇంట్లో అందరూ సంబరపడ్డారు, నేనూ పడ్డాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

వెనక్కి వస్తుంటే హాల్లోంచి డ్రమ్స్ సౌండ్ చెక్ మొదలైంది. తయాసుమోన్ దగ్గర కాసేపు కూర్చుని, విజయవాడలో మాస్టారుకి బుడోకాన్ ఫొటో పంపాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. ఐదు నిమిషాల్లో ఫోన్ చేశారు. "లోపల మ్యాట్ చూశావా?" అన్నారు.

"తలుపులు వేసున్నాయి మాస్టారూ."

"సరే, గుమ్మానికి దణ్ణం పెట్టావా?"

పెట్టలేదు. లేచి మళ్లీ వెనక్కి నడిచాను.